సర్వీ బాదుకి కట్టిన ఉయ్యాల

మీలో ఎవరైనా ఇల్లు కట్టిస్తున్నారా? సిమెంటు, ఇనుము ధరలు మగవాళ్ళు చూసుకుంటారు సరే, పగలంతా పని దగ్గర కనిపెట్టుకుని ఉండేది మనమే కదా! అందుకే ఈ సంగతి మీ చెవిన వెయ్యాలనిపించింది.

కిందటేడు యూసుఫ్‌గూడలో మా ఇంటిమీద అంతస్తు వేశాం. ముందు పోర్టికో కూడా. స్లాబు పోసిన మర్నాడు టీ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చి చూద్దును కదా, పోర్టికో కింద రెండు సర్వీ బాదుల మధ్య పాతచీర ఉయ్యాల! పాలమూరు నుంచి కూలికొచ్చినామె తన ఆరునెలల పాపని అందులో పడుకోబెట్టింది. నీడగా ఉందని పాపం. నాకు గుండె ఝల్లుమంది.

ఎందుకంటారా? ఐదంగుళాల స్లాబు చదరపుటడుగుకి సుమారు 29 కిలోలు ఉంటుందిట. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పుకి దాదాపు మూడు టన్నులు! గట్టిపడేదాకా అంత బరువూ మోసేవి ఆ బాదులే. పైన కట్టలు కట్టి పెట్టిన నీళ్ళు కారి కింద మన్ను మెత్తబడింది. ఒక బాదుకి అడుగున చెక్కపలకే లేదు. ఇంకోటి పొడుగు చాలక ఇటుకముక్క ఎగదోశారు.

2007 సెప్టెంబర్ 9, ఆదివారం మీకు గుర్తుందా? పంజాగుట్టలో కడుతున్న ఫ్లైఓవర్ కింద ఆధారాలతో సహా కూలి, వెళ్తున్న వాహనాల మీద పడింది. ప్రాణాలు పోయాయి. మాకు కూతవేటు దూరం. ఆ దృశ్యాలు టీవీలో చూసిన కళ్ళతో ఈ ఉయ్యాలని ఎలా చూస్తూ ఊరుకోను?

ఉయ్యాల వేపచెట్టుకి మార్పించాను. మేస్త్రీని పిలిచి పలకలు వేయించాను. సణిగాడనుకోండి.

అసలు గొడవ ఐదోనాడు. సెంట్రింగ్ సామాను మధురానగర్‌లో ఇంకో పనికి కావాలట, ఊడదీస్తానంటాడు. "ఏం గాదమ్మా, ఇరవై ఏండ్ల సంది ఇదే పని జేస్తున్న" అన్నాడు. సివిల్ ఇంజనీరైన మా తమ్ముడికి ఫోను చేశాను. మామూలు ఓ.పి.సి. సిమెంటైతే, 15 అడుగులు దాటని స్లాబు కింద బాదులు కనీసం 7 రోజులు ఉంచాలిట. దాటితే 14. దూలాలైతే 20 అడుగుల లోపు 14, అంతకన్నా పొడుగువి 21. పి.పి.సి. సిమెంటుకి ఇంకా ఆగాలి. ఇవన్నీ ఐ.ఎస్. 456 అనే ప్రమాణంలో ఉన్నాయిట. మాది పి.పి.సి.నే!

అద్దె మేమే ఇస్తాం, తియ్యకు అన్నాను. మావారు సాయంత్రం విని "ఎంతయిందీ?" అన్నారు. ఎంతయితేనేం చెప్పండి!

ఇరవై రోజుల తర్వాత విప్పారు. గదుల్లో మధ్యలో మొదలుపెట్టి గోడలవైపు, సజ్జల కింద బయటి అంచునుంచి గోడవైపు. ఆ పూట కూలి పిల్లలెవర్నీ అటు రానివ్వలేదు. పాప మా వంటింట్లో చాపమీద పడుకుని, కుక్కరు కూత వేసినప్పుడల్లా ఉలిక్కిపడి మళ్ళీ నిద్రపోయేది.