హిమాలయ బాటలో పూటకూళ్ళ ఇండ్లు

యాత్రికుడు ఎక్కడికి పోయి వచ్చినాడన్నది ఒక ప్రశ్న. అతని మూటను ఎవరు మోసినారన్నది మరొక ప్రశ్న. మన యాత్రాసాహిత్యంలో మొదటి ప్రశ్నకు పుటలకొలది సమాధానమున్నది. రెండవదానికి దొరికే సమాధానం స్వల్పం. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి బయలుదేరి, తిరుపతి, శ్రీశైలం, హైదరాబాదుల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరినారు. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర మన భాషకు గర్వకారణం. ఆ ప్రయాణం సాగినది పల్లకీలో. పల్లకీని మోసినవారు బోయీలు. వారూ కాశిని చూచినవారే. వారిలో ఒకడు తన కాశీయాత్రను తన మాటలలో చెప్పియుంటే అది ఎట్లుండేదో కదా!

గత దసరా సెలవులలో మేము నలుగురు ఉపన్యాసకులం నేపాల్ దేశంలో, అన్నపూర్ణ పర్వతాల పాదాల వద్ద నాలుగు దినాలు కాలినడకన తిరిగి వచ్చినాము. అప్పుడు ఈ రెండవ ప్రశ్న మా వెంటనే నడిచినది. అందుకు కారణం మా ఊరు. తెలకపల్లి పాలమూరు గడ్డ మీది ఊరు. 2016 అక్టోబరులో నాగర్‌కర్నూలు జిల్లా ఏర్పడినప్పటి నుండి జిల్లా పేరు మారినది గాని గడ్డ మారలేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి మోయుటకు పాలమూరు లేబరును పిలిచేవారు. గుంపు మేస్త్రి వద్ద ముందుగా పైకం తీసుకొని, చంటిపిల్లలను చంకన వేసుకొని, పొద్దు పొడవకముందే ఊరు విడిచిన కుటుంబాల కథలు వినని ఇల్లు మా ప్రాంతంలో అరుదు. బరువు మోసేవారి ఊరినుండి వచ్చి, మా బరువును ఇతరుల వీపుమీద పెట్టి నడవవలసి వచ్చినది. దానినే ఇక్కడ చెప్పదలచినాము.

సికింద్రాబాదు నుండి రైలులో గోరఖ్‌పూరు, అక్కడినుండి సోనౌలీ సరిహద్దు, ఆపైన బస్సులో పోఖరా. భారతీయులకు వీసా అక్కరలేదు. అన్నపూర్ణ సంరక్షిత ప్రాంతంలో అడుగిడుటకు మాత్రం అనుమతి పత్రం కావలెను. 1986లో ఏర్పడిన ఈ ప్రాంతం వైశాల్యం 7,629 చదరపు కిలోమీటర్లు. అడవిని కాపాడుతూనే అందులోని పల్లెలను అక్కడే బ్రతకనిచ్చిన ఏర్పాటు ఇది. విదేశీ పాదచారులు అనుమతి పొందిన మార్గదర్శిని వెంట ఉంచుకొనవలెనని నేపాల్ పర్యాటక మండలి 2023 ఏప్రిల్ 1 నుండి నియమం పెట్టినది. మా మార్గదర్శి మగర్ తెగకు చెందిన నడివయస్కుడు. అతని హిందీకి, మా దక్కనీ ఉర్దూకు మొదటి గంటలోనే చెలిమి కుదిరినది. సామాను మోయుటకు ఇద్దరు యువకులు వచ్చినారు. మోతగాడిని అక్కడ భరియా అంటారు. అతడు రెండు మూడు సంచులను కలిపి తాడుతో కట్టి, ఆ తాటికి కలిపిన పట్టెను నుదుటిమీద వేసుకొని, తల వంచి నడుస్తాడు. ఆ పట్టె పేరు నామ్లో. బరువంతా నుదురు, మెడ, వీపు పంచుకుంటవి.

మాలో పెద్దవారైన చరిత్రోపన్యాసకులు పోఖరాలోనే ఒక పట్టు పట్టినారు. ఒక్కొక్కరి వీపుమీద ఇరువది కిలోలకు మించరాదన్నారు. బస దిగిన ఇంటివారి స్ప్రింగుకాటా తెప్పించి సంచులు తూచినాము. కాటా ముల్లు ఎవరి మాటా వినదు. ఒక దళసరి కంబళి, రెండు పుస్తకాలు, అన్నిటికంటె ఆప్తమైన ఆవకాయ సీసా పోఖరాలోనే ఆగిపోయినవి. భరియాలు నవ్వినారు. "ఇంత తేలిక మూట చాలా రోజులకు ఎత్తుతున్నాము సర్" అన్నాడు చిన్నవాడు.

మొదటి రోజు బీరేఠాంటీ దాటి, తిఖేఢుంగా మీదుగా ఉల్లేరి. ఇప్పుడు ఉల్లేరి దాకా జీపులు పోతున్నవి. అయినను మెట్లబాట నడవకుంటే కొండ తెలియదన్నాడు మార్గదర్శి. ఆ రాతిమెట్లు మూడువేలకు పైబడినవని చెప్పుతారు. అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు అన్నది మనలో చాలామందికి తెలిసిన లెక్కే. ఆ లెక్కతో పోల్చుకుంటే మా మోకాళ్ళ స్థితి పాఠకులకు బోధపడగలదు. మేము పది మెట్లకొకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటుండగా, మా సంచులు మాకంటె ముందుగా పైకి పోతున్నవి.

టీహౌస్ అన్న పేరు విని తేనీటి కొట్టు అనుకొనరాదు. అది సాంతం బస చేసే ఇల్లు. క్రింద వంటిల్లు, భోజనశాల. పైన చెక్కపలకలతో అడ్డుకట్టిన చిన్న గదులు, గదికి రెండు మంచాలు. ప్రక్క గదిలో దగ్గితే మన గదిలో మేలుకోవలసిందే. భోజనశాల నడుమ ఇనుప పొయ్యి. దాని చుట్టూ తీగలమీద పలు దేశాల మేజోళ్ళు ఆరుతూ ఉంటవి. మంచానికి పుచ్చుకొనేది కొద్దిపాటి సొమ్ము. భోజనానికి మాత్రం ఎత్తు పెరిగినకొద్దీ ధర పెరుగుతుంది. బియ్యం, పప్పు, గ్యాసుబండ కంచరగాడిదల మీదనో మనిషి వీపుమీదనో రావలెను గదా! ఏ ఇంట పండుకుంటే ఆ ఇంటనే భోజనం చేయవలెనన్నది అక్కడి మర్యాద.

ఈ మర్యాద క్రొత్తది కాదు. టిబెట్టు ఉప్పు కాలీగండకీ లోయ గుండా దిగివచ్చిన రోజులలో, ఆ దారిన థకాలీ స్త్రీలు భట్టీలు నడిపినారు. రాత్రి భోజనం కొన్న బాటసారికి పడకకు చోటు ఉచితం. 1950కి ముందు నేపాల్ తలుపులు విదేశీయులకు మూసియుండెను. తలుపులు తెరుచుకొని పాదచారులు రాసాగిన పిమ్మట ఆ భట్టీలే నేటి టీహౌస్‌లకు దారి చూపినవి. తెలుగువారికి ఇది వింత కారాదు. ఓరుగల్లు పూటకూటి ఇంటి భోజనాన్ని క్రీడాభిరామం రుచిగా వర్ణించినది. మన కథలలో రాజకుమారుడు ఏ ఊరు పోయినా పేదరాశి పెద్దమ్మ ఇల్లు దొరుకుతూనే ఉన్నది. హయత్‌బక్షీ బేగం హయత్‌నగరులో మసీదుతో పాటు సరాయి కట్టించినది. ఉల్లేరిలో మాకు పప్పన్నం వడ్డించిన దీదీని చూచినప్పుడు, పేదరాశి పెద్దమ్మ కొండనెక్కి కాపురం పెట్టినదా అనిపించినది. విస్తరిలో అన్నం తరిగినకొద్దీ అడగకుండానే వేయుట ఆమె పద్ధతి.

రెండవనాడు ఘోరేపానీ. ఎత్తు సుమారు 2,860 మీటర్లు. ఆ సాయంకాలం భోజనశాలలో మా ముందర పళ్ళాలు పెట్టినారు. భరియాలు కనబడలేదు. అతిథులు తిన్న పిమ్మటనే వారు తినుట ఆచారమని మార్గదర్శి చెప్పినాడు. మాకు ముద్ద దిగలేదు. చరిత్రోపన్యాసకులు లేచి వంటింటి గుమ్మం వద్దకు పోయి, వచ్చి మాతో కూర్చొనుడని పిలిచినారు. చిన్నవాడు మొగమాటంగా నవ్వి, "ఇక్కడ మంట ఉన్నది సర్. అక్కడ చలి" అన్నాడు.

సమానత్వం గురించి తరగతిలో మేము చెప్పిన పాఠాలన్నీ ఆ ఒక్క మాట ముందు ఆలోచనలో పడినవి. అతనికి మా బల్ల ప్రక్క కుర్చీ గౌరవమని మేము అనుకున్నాము. అతనికి కావలసినది పొయ్యి సెగ, వేడి అన్నం, తన భాషలో నాలుగు మాటలు. చివరకు మా పళ్ళాలు చేతబట్టుకొని మేమే వంటింటిలోనికి పోయినాము. దీదీ పీటలు జరిపినది. ఆ రాత్రి భోజనం అక్కడనే.

మాటలలో తెలిసినది. చిన్నవాని అన్న ఖతరులో కట్టడాల పనిలో ఉన్నాడు. ఇతడూ పాస్‌పోర్టుకు పైకం కూడబెడుతున్నాడు. మా ఇంటివారొకరు జెద్దాలో పన్నెండేండ్లు పనిచేసి వచ్చినారని చెప్పితే అతని కన్నులు మెరిసినవి. "మీ ఊరిలో కొండలు లేవన్నారు. మరి జనం ఎందుకు వెళ్ళిపోతారు?" అని అడిగినాడు. నీళ్ళు లేక అన్నాము. అతడు కొంతసేపు పొయ్యివైపు చూచి, "మా ఊరిలో నీళ్ళున్నాయి. దున్నేందుకు భూమి లేదు" అన్నాడు. శ్రీశైలం జలాశయం నుండి ఎత్తిపోసిన కృష్ణానీళ్ళు కల్వకుర్తి పథకం కాలువల ద్వారా మా ప్రాంతంలో కొన్ని ఊళ్ళకు వచ్చినవని, వలసబోయినవారిలో కొందరు తిరిగి నాగలి పట్టినారని చెప్పినాము. అతడు ఆ సంగతి మళ్ళీ మళ్ళీ అడిగి విన్నాడు.

మరునాడు తెల్లవారుజామున పూన్‌హిల్ ఎక్కినాము. 3,210 మీటర్లు. సూర్యోదయ వర్ణనకు కవులున్నారు. ఎదుట ధవళగిరి 8,167 మీటర్లు, అన్నపూర్ణ 8,091 మీటర్లు అని మాత్రం మేము చెప్పగలము. 1950 జూన్ 3న ఫ్రెంచివారైన మోరిస్ హెర్జోగ్, లూయీ లషెనాల్ అన్నపూర్ణ శిఖరం చేరినారు. ఎనిమిదివేల మీటర్లు దాటిన శిఖరాన్ని మనిషి మెట్టుట అదే మొదలు. దిగివచ్చేటప్పటికి మంచు వారి కాళ్ళను కొరికివేసినది. నడవలేని ఆ ఇద్దరిని షెర్పాలు, కూలీలు వీపులమీద మోసి దింపినారు. ఆ షెర్పాల నాయకుడు ఆంగ్ థార్కే. శిఖరం మెట్టినవారి పేర్లు పాఠ్యపుస్తకాలకెక్కినవి. మోసినవారిలో ఎందరి పేర్లు మనకు తెలియును? 1953 మే 29న ఎవరెస్టు నెక్కిన టెన్జింగ్ కూడ 1935లో తొలుత మోతగాడుగనే ఆ కొండకు పోయినాడు. మన తెలుగు నేలనుండి మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేండ్ల వయస్సులో ఎవరెస్టు శిఖరంపై నిలిచినది. గిరిజన కుటుంబంలో పుట్టి గురుకుల పాఠశాలలో చదువుకున్న బాలిక ఆమె. అవకాశమిచ్చినచో బరువు మోసే ఇండ్లనుండియే శిఖరమెక్కే పాదాలు వస్తవని దీనివలన తెలియుచున్నది.

తాడాపానీ అడవులలో ఒక రాత్రి గడిపి, నాలుగవనాడు గురుంగుల ఊరు ఘాంద్రుక్ చేరినాము. కూలిసొమ్మును మధ్యవర్తి లేకుండ ఇద్దరి చేతులలో పెట్టినాము. చిన్నవాడు తన చిరునామా మా పుస్తకంలో దేవనాగరిలో వ్రాసి, మా ఊరి పేరు తన పుస్తకంలో వ్రాసుకున్నాడు. తెలకపల్లి అని పలుకుట అతనికి కొంత కష్టమైనది. ముమ్మారు పలికి సరిచేసుకున్నాడు.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఉద్యోగాలు సంపాదించి దేశాలు తిరుగుతారు. కొందరు కూలికో కొలువుకో గల్ఫు చేరుతారు. మోయించుకొనుట, మోయుట రెండూ మన బ్రతుకులలో ఉన్నవే. మోయించుకొనేటప్పుడు బరువును తూచుడు. మోసేవాని కాళ్ళకు బూట్లు, ఒంటికి వెచ్చని వస్త్రం ఉన్నవో లేవో చూడుడు. అతని పేరు అడిగి తెలుసుకొనుడు. అతనికి ఏది కావలెనో మీరే నిర్ణయింపక అతనినే అడుగుడు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. హిమాలయం దూరం. నల్లమల దగ్గర. అటవీశాఖ అనుమతితో ఈ శీతకాలం మన విద్యార్థులను రెండు దినాలు మన్ననూరు అడవులకు తీసుకొనిపోవుదము. దారి చూపుటకు చెంచులను పిలుచుదము. ఎవరి సంచి వారే మోయవలెను. భోజనవేళ దారి చూపినవారు ఎక్కడ కూర్చుంటే మనమూ అక్కడనే కూర్చుందము. కాటా తెచ్చే పూచీ మాది.