నోట్లో గులకరాయి

ఉత్తర పినాకిని అంటే మన పెన్నే. నంది కొండల వైపు చెన్నకేశవ కొండలో పుట్టి, మంచేనహళ్ళి మీదుగా గౌరిబిదనూరు వైపు సాగి, నెల్లూరు దాటాక సముద్రంలో కలుస్తుంది. మంచేనహళ్ళి దగ్గర ఆ ఏటి ఇసుకలో ఒక గులకరాయి ఏరుకొని కైవారానికి బయలుదేరాను. గులకరాయితో ధ్యానం చేసిన తెలుగు యోగి ఊరు అది.

చిక్కబళ్ళాపురం చుట్టూ ద్రాక్ష తోటలు. శిడ్లఘట్ట దగ్గరికొచ్చేసరికి మల్బరీ చేలు. పట్టుగూళ్ళ మార్కెట్టుకు పేరుమోసిన ఊరది. బస్సులో టికెట్టు అడగడం కన్నడంలో, యోగక్షేమాలు తెలుగులో. చింతామణిలో బస్సు మారి కైవారం చేరాను.

యోగి నారేయణను ఈ సీమంతా ‘కైవారం తాతయ్య’ అంటుంది. 1726లో పుట్టి 1836 దాకా, నూటపదేళ్ళు బతికారని సంప్రదాయం. ఇంటింటికీ తిరిగి గాజులమ్మిన మనిషి. భక్తులు చెప్పుకునే కథ ఇది: పరదేశిస్వామి అనే గురువు ఆయనకు అష్టాక్షరీ మంత్రం ఉపదేశించి, ఒక గులకరాయి ఇచ్చి, ఇది కలకండ అయ్యేదాకా నోట్లో ఉంచుకొని జపం చెయ్యమన్నాడు. తాతయ్య కొండగుహలో మూడేళ్ళు కూర్చున్నారు. రాయి కలకండ అయింది.

ఎండలోంచి ఆ గుహలోకి అడుగుపెట్టగానే ఒళ్ళు చల్లబడింది. ఒక పక్కగా కూర్చొని నా రాయిని అరచేతిలో పెట్టుకున్నాను. గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది కనుక రాయిని ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు, చెయ్యి చాలు. ముందు బరువు తెలిసింది. తర్వాత చల్లదనం. కాసేపటికి చేతి వెచ్చదనం రాయిలోకి పాకి, ఏది నేనో ఏది రాయో తెలియని ఒక చోటు ఏర్పడింది. మనసు తిరుగు బస్సు మీదికి పోయింది. మళ్ళీ రాయి దగ్గరికి తెచ్చుకున్నాను. మళ్ళీ పోయింది, మళ్ళీ తెచ్చుకున్నాను. సాధన అంతా ఆ తెచ్చుకోవడంలోనే ఉంది.

1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ధ్యాన శిక్షణలో ఎండుద్రాక్ష ఒకటి ఇస్తారు. చూసి, తాకి, వాసన చూసి, చివరికి మెల్లగా నమలమంటారు. ద్రాక్ష నోట్లో కరిగిపోతుంది. తాతయ్యకు గురువిచ్చింది కరగని వస్తువు. రుచి చూసి ముగిద్దామంటే వీలులేదు. ఎదురుచూపు అలసిపోయి ఆగేదాకా కూర్చోవాల్సిందే.

మెట్ల దగ్గర ఒక అవ్వ సేద తీరుతోంది. ‘‘రాయి నిజంగా కలకండ అయిందంటావా, అవ్వా?’’ అని అడిగాను.

‘‘అదేమో గానీ నాయనా, గాజులమ్మేవాడికి నోరే కదా బతుకు! ఆ నోట్లో రాయి పెడితే ఎంత కష్టమో చూడు’’ అంది.

ఆ మాటతో కథ నాకు కొత్తగా అర్థమైంది. కేక వేసి పిలవాలి, బేరమాడాలి, పొగిడి ఒప్పించాలి. గాజుల వ్యాపారికి రోజంతా నోటితోనే పని. గురువు రాయిని సరిగ్గా అక్కడే పెట్టాడు. నోట్లో రాయి ఉన్నవాడు నోరారా మాట్లాడలేడు, ఊపిరి ముక్కుతోనే తీయాలి, మంత్రం లోపలే నడవాలి. మన ధ్యాస ఎక్కువగా ఎక్కడ ఖర్చవుతుందో సాధన అక్కడే మొదలవ్వాలన్నది ఇందులో నేను నేర్చుకున్న పాఠం. మాట మీద బతికేవారికి నోరు; ఫోను వదలని మనకైతే చెయ్యి. రోజూ కాసేపు ఆ చేతిలో ఫోనుకు బదులు ఒక రాయిని ఉంచితే, ధ్యాస ఎన్నిసార్లు జారిపోతోందో మనకే తెలుస్తుంది.

తర్వాత తాతయ్య తెలుగులో, కన్నడంలో కీర్తనలు కట్టారు, తెలుగులో కాలజ్ఞానం చెప్పారు. కైవారంలో గురుపౌర్ణమికి సంగీతోత్సవం జరుగుతుంది, ఆ కీర్తనలు పాడుతారు. రాయి కలకండ అయిందనడానికి నాకు ఆ పాటలే సాక్ష్యం.