తలుపుచాటు చదువు

బాల్యమున తండ్రిగారు మా యన్నకు రఘువంశము చెప్పుచుండగా, నేను తలుపుచాటున బియ్యమేరుచు వినెడిదానను. అన్న మఱచిన శ్లోకమును నేనప్పగించిన నాడు తండ్రిగారు సంతసింపక, "ఇది మగబిడ్డయైన నెంత బాగుండెడిది!" అని నిట్టూర్చిరి. ఆ మాట చిరకాలము నా మనస్సున ముల్లై నాటియుండెను.

మొన్న మావారు ఆంగ్లగ్రంథమొకటి చదివి యర్థము చెప్పుచుండగా నా నిట్టూర్పే మరల వినబడెను. వేయియేండ్ల క్రిందటి జపాను రచయిత్రి మురసాకి షికిబు, సోదరుని చీనా పాఠములను విని తానే ముందు గ్రహించెడిదాననియు, తండ్రి యట్లే వగచెననియు దినచర్యలో వ్రాసికొన్నది. చీనాభాష పురుషుల విద్యగా నెంచబడిన యా కాలమున నామె దేశభాషలో 54 అధ్యాయముల 'గెంజి కథ'ను రచించెను.

ఆ ప్రాచీనభాష కాలక్రమమున జపానువారికే దుర్గమము కాగా, పండితులు తరతరములుగా వ్యాఖ్యలు వ్రాసిరి. యొసానొ అకికొ యను కవయిత్రి 1912-13లో దానిని నేటి జపాను భాషలోనికి తెచ్చెను. జపానులో నెన్నడు నడుగిడని ఆర్థర్ వేలీ, లండనులో గూర్చుండి 1925 మొదలు 1933 వఱకు ఆంగ్లమున వెలయించెను. ఇందఱి చేతులు కలిసినగాని యామె మాట నా వంటయింటికి చేరలేదు.

ఇప్పుడు మా చిన్నది తమ్ముని పాఠము వినుచు గుమ్మమున నిలిచిన, నేనే పీట వేసి లోన గూర్చుండబెట్టుచున్నాను.