పొద్దుటి తెల్లమాత్ర

మన ఆడవాళ్ళు విదేశానికి సర్దే పెట్టెల గురించి ఇప్పటికి బోలెడు హాస్యకథలు వచ్చాయి. ఆవకాయ సీసా మూతకి ఎన్ని చుట్లు ప్లాస్టిక్ కాగితం చుట్టాలి, కందిపొడి పొట్లాం ఏ చీర మడతలో దాచాలి, 23 కిలోల తూకం దగ్గర పెట్టె విప్పి ఏది తియ్యాలి, ఏది ఉంచాలి - ఇవన్నీ వ్రాసేవాళ్ళు వ్రాశారు, నవ్వేవాళ్ళం నవ్వాం. కాని ఆ పెట్టెల్లోకి ఎక్కకుండా, చేతిసంచీలో పాస్‌పోర్టు పక్కన, చంటిపిల్లలా ఒళ్ళో కూర్చుని ప్రయాణం చేసే సామాను ఒకటుంది. మందుల డబ్బా! దాన్ని గురించి ఎవరూ వ్రాసినట్టు లేదు. అందులో నవ్వడానికి ఏముంది కనక అనుకున్నారు కాబోలు.

మా అత్తయ్యది పాత బిస్కట్ల రేకుడబ్బా. మూత తెరిస్తే ఇప్పటికీ కాస్త వెనిల్లా వాసన వేస్తుంది. ఆ డబ్బాతో ఆవిడా, రెండు పెట్టెలతో నేనూ 2020 జనవరి 5న న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా ఆడపడుచు ఇంట్లో దిగాం. మావారికి సెలవు దొరకలేదు. నేను కథలు వ్రాసుకునేదాన్ని కనక నాకు సెలవు అడగాల్సిన పనే లేదని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం.

మందుల లెక్క పక్కాగా వేశాం. అమెరికా వెళ్ళేవాళ్ళు సొంతవాడకానికి 90 రోజులకి మించకుండా మందులు తీసుకెళ్ళడం పద్ధతి. మా తిరుగు టిక్కెట్టు మార్చి 29న. అంటే వెళ్ళిన రోజుతో కలిపి 85 రోజులు. ఇంకో అయిదు రోజులవి చేతిలో ఉంటాయి. థైరాయిడ్‌కి ఒకటి, రక్తపోటుకి ఒకటి, చక్కెరకి రెండు - వెరసి నాలుగు రకాలు. అయిదురోజులేమిటి, ఒక్కరోజు ఆలస్యమైతే ఎక్కువ అనుకున్నాం.

తరవాతి సంగతి మీకందరికీ తెలిసిందే. మార్చి 21న న్యూజెర్సీలో ఎవరి ఇళ్ళల్లో వాళ్ళుండమన్నారు. 22 నుంచి మన దేశంలోకి విదేశీ ప్రయాణికుల విమానాలు రానివ్వలేదు. ముందు వారం రోజులే అన్నారు, ఆ వారం పొడుగైంది. ఓక్‌ట్రీ రోడ్డు మీద ఎప్పుడూ తిరనాళ్ళలా ఉండే మనవాళ్ళ దుకాణాలు బోసిపోయాయి. కిటికీలోంచి చూస్తే ఉడతలు తప్ప మరో ప్రాణి లేదు.

30వ తారీకు పొద్దున్న నేను డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. ఇంక అయిదురోజులవే ఉండాలి, ఏదో దారి చూడాలి కదా అని. లెక్కపెడితే తొమ్మిది రోజులవి తేలాయి. మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిదే. డబ్బా అడుగున పొడి, కొన్ని సగం ముక్కలు.

"ఏమిటత్తయ్యా ఇది?"

"ఏముందే, మిగిలాయి."

"మిగలడానికి అవేమన్నా పెసరట్ల పిండా?"

ఆవిడ మాట్లాడలేదు. విమానాలు ఆగిపోయాయని విన్ననాటినుంచి, ఎనిమిది రోజులుగా, ప్రతి మాత్రనీ కూరలు తరిగే కత్తితో రెండు చేసి సగమే వేసుకుంటున్నారని కాసేపటికి బయటపడింది. అదీ మేమెవరం లేవకముందు, వంటింట్లో దీపమైనా వెయ్యకుండా!

"అల్లుడు తిండి పెడుతున్నాడు, మంచం ఇచ్చాడు. మందులు కూడా పెట్టించుకోమంటావా? ఇక్కడ డాక్టరు గుమ్మం తొక్కితే వేలకి వేలని పార్కులో ఆ గుంటూరాయన చెప్పలేదూ?"

గుంటూరాయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మనం ప్రయాణానికని కట్టే ఇన్సూరెన్సు సాధారణంగా కొత్తగా వచ్చిన జబ్బుకే గాని, పాతకాపులైన బీపీ, షుగర్లకి పైసా ఇవ్వదు. ఆ సంగతి మన ముసలివాళ్ళందరికీ కంఠతా వచ్చు.

ఇది మా అత్తయ్య ఒక్కరి చాదస్తమే అయితే నేనింత వ్రాయనక్కర్లేదు. ఆ నెలంతా మా ఆడపడుచు ఫోనులో వింటూనే ఉన్నాను. ఒకరింట్లో తల్లి రోజు విడిచి రోజు వేసుకుంటోంది. ఇంకొకరింట్లో మొగుడి షుగరు మాత్ర పెళ్ళాం పంచుకుంటోంది - ఇద్దరికీ ఉన్నది అదే జబ్బు కదా అని. ఎవరూ పిల్లలతో చెప్పరు. మన పెద్దవాళ్ళు కాలు బెణికితే వీధి వీధంతా చెబుతారు, కూరలో ఉప్పు తగ్గితే నలుగురిలో అంటారు. మందు అయిపోయిందన్న మాట మాత్రం నోట్లోంచి రాదు. అది చెయ్యి చాచి డబ్బు అడగడంతో సమానం వాళ్ళకి. అందులోనూ అల్లుడి ఇంట్లో! కొడుకు ఇంట్లో అయితే చెప్పేవారా అని మీరు అడగవచ్చు. కోడలిని కనక ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పను.

అన్నయ్యగారు - అంటే మా ఆడపడుచు భర్త - బీపీ చూసే మిషను తెచ్చి ఆవిడ చేతికి కట్టారు. 176, 100. అంకెలు చూసి ఆయన ముఖం పాలిపోయింది. "నేను పరాయివాణ్ణా అత్తయ్యగారూ?" అన్నారు. ఆవిడ కిటికీలోని ఉడతల్ని చూస్తూ కూర్చున్నారు.

మన ఊళ్ళో డాక్టరుగారికి ఫోన్‌చేసి అడగవచ్చు గాని ఆయన వ్రాసిన చీటీ అమెరికాలో చెల్లదు. అక్కడ వైద్యం చేసేందుకు అనుమతి ఉన్న డాక్టరు వ్రాస్తేనే మందులషాపువాడు ఇస్తాడు. చివరికి మా ఆడపడుచు స్నేహితురాలు, మన తెలుగమ్మాయే, ఆ రాష్ట్రంలోనే డాక్టరు, వీడియోలో చూస్తానంది. చక్కటి పిల్ల. "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగింది.

అత్తయ్య గుక్కతిప్పుకోకుండా చెప్పారు. "తెల్లవారుఝామున చిన్నమాత్ర. పొద్దుట టిఫినుకి ముందు తెల్లమాత్ర. తిన్నాక పొడుగుమాత్ర. ఇంకొకటి గుండ్రంగా, మధ్య గీత ఉంటుంది."

"అమెరికాలో తెల్లమాత్రలు కొన్ని వేలున్నాయండీ" అని నవ్వింది ఆ అమ్మాయి.

నాకు నవ్వు రాలేదు. పదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. ఆవిడ ఏ కూర తింటే పడదో తెలుసు, ఏ తిథినాడు ఎవరి తద్దినమో తెలుసు. ఆవిడ ప్రాణం నిలబెడుతున్న ఆ నాలుగు వస్తువుల పేర్లు మా ఇంట్లో ఎవరికీ తెలియవు. మా ఇంట్లోనే కాదు, మీ ఇంట్లోనూ అంతేనేమో ఓసారి అడిగి చూడండి.

చీటీ ఉంది. కాని దానిమీదున్నవి మన దేశంలో కంపెనీలు పెట్టుకున్న వ్యాపారం పేర్లు. అవి సముద్రం దాటితే పనికిరావు. అసలు మందు పేరుకే తంటాలు ఉన్నాయి - మన పారాసిటమాల్‌ని అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు, ఉబ్బసానికి వాడే సాల్‌బ్యుటమాల్‌ని అల్‌బ్యుటరాల్ అంటారు. డాక్టర్లు మందుల్ని అసలు పేరుతో, చదవడానికి వీలుగా, వీలైతే పెద్ద అక్షరాల్లో వ్రాయాలని 2016లో మన మెడికల్ కౌన్సిల్ నిబంధన మార్చింది. మా డాక్టరుగారి చేతివ్రాతకి ఆ కబురు ఇంకా అందలేదు.

షీట్లమీద చూద్దామంటే అక్కడ మా వీధి మందులషాపు కత్తెర అడ్డొచ్చింది. పది మాత్రల షీటులో ఆరు అడిగితే ఆరు కత్తిరించి ఇస్తాడు కదా! పేరున్న ముక్క ఎవరికి పోయిందో! ఫోను దీపం వేసి, భూతద్దం పెట్టి, వెండిరేకుమీద చీమతలకాయలంత అక్షరాలు కూడబలుక్కుంటూ మూడు పేర్లు పట్టుకున్నాం. లివోథైరాక్సిన్, మెటోప్రొలాల్, మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్. నాలుగోది, ఆ పొద్దుటి తెల్లమాత్ర, పేరులేని ముక్కే. ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి. మావారిని నిద్ర లేపి ఇల్లంతా వెతికించాం. పాత చొక్కా జేబులో బిల్లు దొరికింది. ఆయన జేబులు ఖాళీ చెయ్యకుండా చొక్కాలు ఉతుక్కి వేస్తారని నేను పదేళ్ళు సణిగాను, ఇకముందు సణగనని ఆ పూట ఒట్టు పెట్టుకున్నాను. మందు పేరు గ్లిక్లజైడ్.

"అయ్యో, అది అమెరికాలో అమ్మరండీ!" అంది డాక్టరమ్మాయి.

అవునట. మన దేశంలోనూ, ఇంకా ఎన్నో దేశాల్లోనూ లక్షణంగా వాడుతున్న మందు అమెరికా షాపుల్లో లేదు. దానికి వేలు విడిచిన చుట్టం గ్లిపిజైడ్ ఉంది. తక్కువ మోతాదులో అది వ్రాసి, కొత్తమందు కనక రోజూ వేలు పొడిచి చక్కెర చూడమంది. చెమటలు పట్టినా, చేతులు వణికినా వెంటనే కాస్త పంచదార నోట్లో వేసి తనకి ఫోన్ చెయ్యమంది. తరవాత సగం ముక్కల సంగతి తీసింది. థైరాయిడ్ మాత్ర ఒంట్లో నెమ్మదిగా తరుగుతుంది, సగం తరగడానికే దాదాపు వారం పడుతుంది, అందుకని నాలుగురోజులు అటూ ఇటూ అయినా కొంప మునగదు. మెట్‌ఫార్మిన్ పేరు పక్కన ఎస్ఆర్ అని ఉంటే అది రోజంతా కొంచెం కొంచెంగా కరగడానికి చేసింది, విరిస్తే ఆ ఏర్పాటంతా పోయి మందు ఒక్కసారే దిగుతుంది. ఇక మెటోప్రొలాల్‌ని ఉన్నట్టుండి మానెయ్యకూడదు, గుండె దడ పట్టుకుని ప్రాణంమీదికి రావచ్చు.

"అన్నీ మాత్రలే కదా అనుకున్నానమ్మా" అన్నారు అత్తయ్య. ఆ ఉదయం నుంచి ఆవిడ సరిగా మాట్లాడిన మొదటి మాట అదే.

సాయంత్రానికి మందులు వచ్చాయి. అక్కడ షీట్లు లేవు. నారింజరంగు ప్లాస్టిక్ సీసాలో లెక్కపెట్టి పోసి, పైన అంటించిన కాగితంమీద రోగి పేరు, మందు పేరు, ఎప్పుడు ఎన్ని వేసుకోవాలో, మాత్ర చూడడానికి ఎలా ఉంటుందో కూడా అచ్చు వేసి ఇస్తారు. ప్రతి మాత్రమీదా గుర్తు చెక్కి ఉంటుంది. మాత్ర ఒక్కటి మంచంకింద దొరికినా అదేమిటో పోల్చుకోవచ్చు. మెట్‌ఫార్మిన్ నెలకి 4 డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 300 రూపాయలు. డాక్టరమ్మాయి ఫీజు పుచ్చుకోలేదు.

"ఈ మాత్రానికా!" అన్నారు అత్తయ్య, సీసా తిప్పి చూస్తూ. తరవాత చాలాసేపు ఏమీ అనలేదు.

ఆ సీసామీద తయారుచేసినవాళ్ళ పేరు మా ఆడపడుచు చదివింది. అరబిందో. 1986లో మొదలైన మన హైదరాబాదు కంపెనీ. "హైదరాబాదునించి మందొచ్చింది గాని, హైదరాబాదుకి నేను పోలేకపోతున్నాను" అన్నారు అత్తయ్య. అన్నయ్యగారు అప్పుడు నవ్వారు, మూడురోజుల తరవాత.

మే 7న వందేభారత్ విమానాలు మొదలయ్యాయి. మా వంతు జూన్‌లో వచ్చింది. ఆ ప్రయాణం వేరే కథ, అది వ్రాయబుద్ధి కాదు.

ఈమధ్య మా చెల్లెలు జపాన్ వెళుతుంటే నేనే దగ్గరుండి మందులు సర్దాను. అక్కడ కొన్ని మామూలు జలుబు మందులకి కూడా ప్రవేశం లేదు, సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించితే పట్టుకుపోకూడదు. గల్ఫ్‌లో కోడీన్, ట్రమడాల్‌లాంటి నొప్పిమందులకి ముందే అనుమతి తీసుకోవాలి. ఇన్ని చెబుతుంటే అది విసుక్కుంది. అయినా ఒక కాగితంమీద మందుల అసలు పేర్లన్నీ వ్రాసి పాస్‌పోర్టులో పెట్టాను.

మా అత్తయ్య మాత్రం పాల లెక్కల పుస్తకం వెనకపేజీలో నాలుగు పేర్లూ తెలుగులో వ్రాసుకున్నారు. మెట్‌ఫార్మిన్ ఆవిడ నోట్లో మెట్టుఫారమై కూర్చుంది గాని, డాక్టరు అడిగితే తడుముకోకుండా చెబుతున్నారు. మొన్న మందులషాపుకి వెళితే కుర్రాడు అలవాటుగా షీటు తీసి కత్తెర అందుకున్నాడు. ఆవిడ కౌంటరుమీద చెయ్యి అడ్డంపెట్టి, "పేరున్న వైపు నాకియ్యి నాయనా, రెండోవైపు ఇంకెవరికైనా అమ్ముకో" అన్నారు. వాడు ఒక్కక్షణం ఆలోచించి, షీటు మొత్తం ఇచ్చేశాడు.