పన్నెండు జీబీల ముచ్చట

చిన్న ఇంటీరియర్ డిజైన్ ఆఫీసు మీది. ఇద్దరో ముగ్గురో పనిచేస్తుంటారు. స్కెచప్‌లోనో బ్లెండర్‌లోనో ఇల్లు గీస్తారు. రేపు పొద్దున్నకల్లా ఆ హాలూ ఆ వంటిల్లూ ఫోటో తీసినట్టు కనబడేలా క్లయింటుకి పంపాలి. ఉన్న కంప్యూటరేమో ఒక్కో బొమ్మకి గంటలు గంటలు తీసుకుంటోంది. సరే, గ్రాఫిక్స్ కార్డు వేయిద్దామనుకున్నారు, చేతిలో డబ్బు చూస్తే అంతంతమాత్రం. అంతేనా? అయితే ఇలా కూర్చోండి, తీరిగ్గా మాట్లాడుకుందాం. కార్డు ఖరీదంటే చిన్న ఆఫీసులో ఒకరి నెల జీతం. అది వృథాగా పోతుంటే నాకు మనసొప్పదు.

కార్డు పేరెత్తే ముందు ఒకటి చెప్పండి. మీరు రెండర్ చేసేది దేంతో? కరోనా రెండరర్‌తోనా? అయితే ఆ డబ్బు అలాగే ఉంచండి. అది బొమ్మ పనంతా ప్రాసెసర్ మీదే చేస్తుంది. ఎంత ఖరీదైన కార్డు పెట్టినా తొందరపడదు. ఎక్కువ కోర్లున్న ప్రాసెసరూ, ఇంకాస్త ర్యామూ కొనుక్కుంటే తేడా కళ్లకు కనబడుతుంది. ల్యూమియన్, ఎన్‌స్కేప్, ట్విన్‌మోషన్ వాడేవాళ్లకి ఈ అనుమానమే అక్కర్లేదు, వాటి ప్రాణమంతా కార్డులోనే ఉంది. వీ-రేకి రెండు దారులూ ఉన్నాయి. బ్లెండర్ సైకిల్స్‌కీ అంతే. అందులో ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ కింద కార్డుకి టిక్ పెట్టాలి, ఆ తర్వాత రెండర్ సెట్టింగుల్లో డివైస్ దగ్గర జీపీయూ అని మార్చాలి. ఈ రెండో పని ఎవరూ చేయక కొత్త కార్డు ఊరికే కూర్చున్న ఆఫీసులు నేను చూశాను.

మీది కార్డుతో నడిచే పనే అనుకుందాం. ఇప్పుడు షాపుకెళితే మీకు చెప్పే లెక్కలన్నీ ఆటల లెక్కలు. ఫలానా గేమ్‌లో సెకనుకి ఇన్ని ఫ్రేములు, ఈ కార్డు ఆ కార్డు కంటే ఇంత వేగం. ఆడుకునేవాళ్లకి అది ముఖ్యమే. మీరు మాత్రం ముందు అడగాల్సింది కార్డులో మెమరీ ఎంత అని. వీ-ర్యామ్ అంటారే, అది.

ఎందుకంటారా? వంటింటి గట్టు ఊహించుకోండి. వంటమనిషి ఎంత చురుకైనదైనా, గిన్నెలూ కూరలూ గట్టు మీద పట్టకపోతే ఒక్కోదానికీ స్టోరు రూములోకి పరిగెత్తాలి. మీ సీనులో ఉన్న సోఫాలు, కర్టెన్లు, మొక్కలు, గచ్చు టైల్సు, అన్నీ రెండర్ సమయంలో కార్డు మెమరీలో ఉండాలి. పట్టకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు మిగిలినదాన్ని మామూలు ర్యామ్‌లోకి తోసేస్తాయి, వేగం అమాంతం పడిపోతుంది. మరికొన్ని మెమరీ చాల్లేదని చెప్పి ఆగిపోతాయి. ఆగిపోయిన కార్డు వేగమెంతైతే మనకేం లాభం?

మెమరీని ఎక్కువగా తినేది టెక్స్చర్లు. ఒక 4కే చెక్క టెక్స్చర్ జేపీజీగా డిస్కు మీద నాలుగైదు ఎంబీలే ఉండొచ్చు. రెండర్‌కి విప్పితే 4096 అడ్డం, 4096 నిలువు, ఒక్కో చుక్కకి నాలుగు బైట్లు, వెరసి 64 ఎంబీ. అదే 8కే అయితే 256 ఎంబీ. సోఫా వెనక ఎవరూ చూడని కుండీకి కూడా 8కే టెక్స్చర్ వేసే అలవాటు చాలామందికి ఉంది. అలాంటివి ఓ ముప్పై చేరితే 8 జీబీ కార్డు దాదాపు నిండినట్టే, ఇంకా కుర్చీ కూడా పెట్టలేదు మనం. దూరంగా ఉన్న వస్తువులకి 1కే చాలు. ఒకే కుర్చీ పదిచోట్ల కావాలంటే బ్లెండర్‌లో షిఫ్ట్-డీ కాకుండా ఆల్ట్-డీతో నకలు తీయండి, పదింటికీ ఒకే ఆకృతి మెమరీలో ఉంటుంది. పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్ ఇది.

ఇక కార్డుల సంగతి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 అని 2021 ఫిబ్రవరిలో వచ్చింది, 12 జీబీతో. దానికి కొద్ది నెలల ముందు వచ్చిన 3060 టీఐ, 3070 దానికంటే వేగమైనవి, ఖరీదైనవి కూడా. కానీ రెండింటికీ 8 జీబీలే. పెద్ద సీను వేయగానే ఆ పెద్ద కార్డులు ఆయాసపడితే, చిన్నది నింపాదిగా పని పూర్తి చేసేది. రెండేళ్ల తర్వాత వచ్చిన 4060 కూడా 8 జీబీలకే ఆగిపోయింది. అంకె పెరిగింది కదా అని కొనేవాళ్లని ఆపి మరీ చెప్పాలనిపిస్తుంది నాకు.

కాబట్టి నా మాట ఇదీ: రోజూ ఇళ్ల ఇంటీరియర్లు చేసే ఆఫీసుకి 12 జీబీ కంటే తక్కువ వద్దు. ఇంకాస్త పెట్టగలిగితే 16 జీబీల 4060 టీఐ గానీ, 2025లో వచ్చిన 5060 టీఐ గానీ తీసుకోండి. ఒక్క జాగ్రత్త. ఈ రెండూ 8 జీబీలతోనూ అదే పేరుతో అమ్ముతారు. 3060కి కూడా 8 జీబీ రకం ఒకటుంది. డబ్బా మీద జీబీ చదివాకే డబ్బు తీయండి. అలాగే 8 జీబీల కార్డులు రెండు పెడితే 16 అవుతుందనుకోకండి. సీను మొత్తం ఒక్కో కార్డులోనూ విడిగా పట్టాలి.

ఏఎండీ, ఇంటెల్ కార్డులు పనికిరావా అంటే, బ్లెండర్ వరకు పనికొస్తాయి. ఏఎండీనీ, 2022 నుంచి ఇంటెల్ ఆర్క్‌నీ సైకిల్స్ వాడుకుంటోంది. కానీ వీ-రే జీపీయూ, ఆక్టేన్ లాంటివి ఎన్విడియా సొంత వేదిక ‘కూడా’ (CUDA) మీద పెరిగినవి. నాలుగు రకాల సాఫ్ట్‌వేర్లు తిరిగే ఆఫీసులో ఎన్విడియాయే నిశ్చింత.

కరెంటు మాట మరిచిపోవద్దు. 3060 ఒక్కటే 170 వాట్లు లాగుతుంది, కంపెనీ 550 వాట్ల పవర్ సప్లై పెట్టమంటుంది. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన పేరులేని ఎస్‌ఎంపీఎస్ మీద దీన్ని నడపకండి. యూపీఎస్ కూడా చూడాలి. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. మనవైపు వేసవి కోతల్లో నిండు లోడు మీదున్న కంప్యూటర్‌ని అది మోయడం కష్టం. వాక్‌త్రూ వీడియో రాత్రంతా రెండర్‌కి పెట్టేటప్పుడు నేరుగా వీడియో ఫైలుగా కాకుండా విడివిడి పీఎన్‌జీ ఫ్రేములుగా పెట్టండి. కరెంటు పోయినా అయిన ఫ్రేములు అయినట్టే ఉంటాయి.

పాత కంపెనీ డెస్క్‌టాప్, సన్నటి డబ్బా, అందులోనే కార్డు దూర్చాలంటే దారి ఒకటుంది. స్లాటు నుంచే కరెంటు తీసుకునే కార్డు కావాలి. స్లాటు ఇవ్వగలిగేది 75 వాట్లే. ఆర్‌టీఎక్స్ ఏ2000 అనే పొట్టి కార్డు 70 వాట్లతో నడుస్తుంది, అందులోనూ 12 జీబీ రకం ఉంది.

సెకండ్ హ్యాండ్ గురించి అడుగుతారని తెలుసు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మార్చుకోవడంతో మైనింగ్‌లో ఉన్న కార్డులు కుప్పలుగా మార్కెట్లోకి వచ్చాయి. రాత్రీ పగలూ తిరిగినవి అవి. వారంటీ మిగిలి ఉండి, బిల్లు చేతికిచ్చి, ముందర అరగంట నడిపి చూపిస్తేనే తీసుకోండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి, పాత కార్డుకి కొత్త పేరు తగిలించి అమ్మే నకిలీలు చాలావరకు అందులో దొరికిపోతాయి. కొత్తదైతే ఆఫీసు జీఎస్టీ నంబరుతో బిల్లు రాయించుకోండి. కట్టిన పన్ను లెక్కల్లో వెనక్కి వస్తుంది.

అదే పెన్‌డ్రైవ్‌లో మీ ఆఫీసులో ఇప్పటిదాకా చేసిన అతిపెద్ద సీను ఫైలు కూడా, టెక్స్చర్లతో సహా వేసుకోండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లినా, మీ ఊళ్లో తెలిసిన షాపుకి వెళ్లినా, కార్డు పెట్టించి ఆ ఫైలు అక్కడే రెండర్ చేయించమని అడగండి. ఒప్పుకోని షాపులో కొనకండి.