రెండు తొక్కుల బండి

కామారెడ్డి
మే 5, 2025, రాత్రి

నాన్నా,

ఫోన్లో మీకు సగం వినపడదు. వినపడని సగాన్ని మీరే కల్పించుకుంటారు. అందుకే కాగితం పట్టుకున్నాను. అమ్మ చేత పైకి చదివించుకోకుండా మీరే చదవండి, ఆవిడకి అక్కర్లేని సంగతులు ఒకటి రెండు ఉంటాయి.

మూడింటికి దుగ్గిరాలలో బయల్దేరితే సూర్యాపేటలో ఇడ్లీలు తిన్నాం. అవుటర్ రింగు తిరిగి మేడ్చల్ చేరేసరికి ఎండ నెత్తికొచ్చింది. అక్కడ మీ బావమరిది స్నేహితుడింట్లో భోజనం, ఆ మీదట ‘ఒక్క కునుకు’. ఆ కునుకు నాలుగింటికి తెమిలింది. తూప్రాన్ దగ్గర పంక్చరు. మొత్తానికి ఆర్మూరు చేరాల్సినవాళ్ళం కామారెడ్డిలో లాడ్జీ ఎక్కాం. మీరు ఏడో నంబరు రోడ్డు అనేది ఇదే, ఇప్పుడు నలభై నాలుగు అంటున్నారు. శ్రీనగర్ లారీ ఒకటి, తమిళనాడు లారీ ఒకటి పక్కపక్కనే ఆగి టీ తాగుతున్నాయి.

బండి బాగానే లాగుతోంది. బ్రేకు మీరు చెప్పినట్టే: మొదటి తొక్కు బండికి, రెండో తొక్కు మనకి. మావయ్యకి కూడా చేతనైపోయింది.

ఇందల్వాయి
మే 6

నాన్నా,

ముందుగా, ఇద్దరం బాగున్నాం. బండీ బాగుంది. ఇక జరిగింది చదవండి.

సదాశివనగర్ దాటాక అడవి వస్తుంది. రోడ్డు వెడల్పే కానీ ఎక్కడం, దిగడం ఎక్కువ. నేను నడుపుతున్నాను. పది గంటలకే స్టీరింగు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. దిగుడులో రెండు మూడు సార్లు బ్రేకు వాడాను, ఎప్పట్లా రెండు తొక్కులు. ఇందల్వాయి టోల్‌ప్లాజా కనబడింది, లారీల వరస. తొక్కాను, పెడల్ నేలకి తగిలింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ నేలే. మూడోసారికి కాస్త అందింది. ఈలోపు మూడో గేరు, రెండో గేరు, హ్యాండ్ బ్రేకు. ముందున్న లారీ వెనక ‘హారన్ కొట్టు’ అని పసుప్పచ్చ రంగుతో రాసుంది. ఆ ‘ట్టు’ కొమ్ములో రంగు ఎక్కడ పెచ్చు లేచిందో కూడా చూశాను, అంత దగ్గరగా ఆగాం. మావయ్య చాలాసేపు మాట్లాడలేదు, అదొక్కటే దీనివల్ల జరిగిన మేలు.

టీకొట్టతను చెప్తే రెండో గేరులో పాక్కుంటూ ఒక షెడ్డుకి తీసుకొచ్చాం. వేపచెట్టు, రేకులు, కింద నల్లటి నేల. మెకానిక్కు అరవై దాటి ఉంటాయి. బండి చూడకముందే నన్నడిగాడు.

“ఎన్ని తొక్కులకు పడ్తది తమ్మీ?”

“రెండు.”

“ఎప్పటిసంది?”

మావయ్య వేళ్ళు లెక్కపెట్టాడు. “నాలుగైదేళ్ళు.”

“గట్లయితే నాలుగేండ్ల సంది మీరు పంపు కొడ్తున్రు, బ్రేక్ గాదు.”

మీరు ఈ మాటకి కోపం తెచ్చుకుంటారని తెలుసు. నేనూ తెచ్చుకున్నాను. కానీ తర్వాత ఆయన చేసిందంతా దగ్గరుండి చూశాను. చిన్నప్పుడు మన తాడితోటలో బోరు వేసేటప్పుడు నీళ్ళెక్కడున్నాయో మీరు వెతికించిన ఓపిక గుర్తొచ్చింది.

ఇంజన్ ఆపించి నన్ను సీట్లో కూచోబెట్టాడు. ఒక్కసారి తొక్కి అట్లనే పట్టమన్నాడు. పెడల్ సగానికి పైగా దిగి, రబ్బరు బంతి మీద కాలు పెట్టినట్టు ఆగింది. “ఇంకా కిందికి జారుతుందా?” జారలేదు. జారుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు అరిగి, ఆయిల్ చక్రాలకి పోకుండా వాటిని దాటి వెనక్కి పోతున్నట్టట. బూస్టరేమో అన్నాడు మావయ్య. “బూస్టర్ పోతే పెడల్ రాయి అయితది గని, మెత్తగ గాదన్నా.” మావయ్య మళ్ళీ కాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాత చేసింది నాకు బాగా నచ్చింది. ముందు చక్రాలకి చెరొకటి, వెనక ఇరుసుకి ఒకటి, బ్రేకు ఆయిల్ పోయే రబ్బరు హోసులు మూడున్నాయి. మూడింటికీ గుడ్డ చుట్టి, నలక్కుండా క్లాంపులు బిగించాడు. తొక్కమన్నాడు. గోడని తన్నినట్టుంది! అంటే మాస్టర్ సిలిండర్ మంచిదే, దాంట్లో గాలి కూడా లేదు. ముందు కుడిది వదిలాడు, పెడల్ కాస్త దిగిందంతే. ఎడమది వదిలాడు, అలాగే. వెనకది వదలగానే కాలు ధబ్బున కిందికి పోయింది. ఒక్క నట్టు విప్పకుండా దొంగ వెనక ఉన్నాడని తేల్చేశాడు. మనూళ్ళో అయితే ముందు మాస్టర్ సిలిండర్ మార్పించేవాళ్ళు, ఆ తర్వాత ఆలోచించేవాళ్ళు.

వెనక ఎడమ డ్రమ్ము సుత్తితో తట్టి తట్టి ఊడదీశాడు. లోపల పొడి ఉండాలి కదా, నల్లటి ముద్ద ఉంది. బ్రేకు షూలని రెండు వైపులా తోసే వీల్ సిలిండర్ చివర చిన్న రబ్బరు టోపీ ఉంటుంది, దాని అంచుని స్క్రూడ్రైవర్‌తో కొంచెం పైకెత్తాడు. లోపల నిలిచిన చుక్క ఒకటి మెల్లగా ఉబ్బి, లోహం వెంట జారి, లైనరు మీదకి ఇంకిపోయింది. అంతే. నాలుగేళ్ళుగా జరుగుతున్నది అదే.

ఆ చక్రం రిమ్ముకి లోపలివైపు పెయింటు నిలవట్లేదని మీరు ఏటా వేయించేవారు గుర్తుందా? యూరియా బస్తాల తేమ అనుకున్నాం. బ్రేకు ఆయిల్ పెయింటుని తినేస్తుందట. డబ్బాలో ఆయిల్ తగ్గినప్పుడల్లా సీటు కింద సీసాలోంచి పోశాం. ఎక్కడికి పోతోందని మీరూ అడగలేదు, నేనూ అడగలేదు.

కారేచోట ఆయిల్ బయటికొస్తే, పెడల్ వదిలినప్పుడు ఆ దారినే గాలి లోపలికి పోతుంది. ఆయిల్‌ని నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. దానికి తోడు షూలు అరిగి డ్రమ్ముకి దూరమయ్యాయి, మధ్యలో బిగించినవాళ్ళు లేరు. మొదటి తొక్కుతో పోయిన ఆయిల్ ఆ సందు పూడ్చడానికే చాలదు. షూలు వెనక్కి రాకముందే రెండో తొక్కు పడితే అప్పుడు అందుకుంటుంది. మన ‘రెండో తొక్కు’ అసలు కథ ఇది.

మరి ఇవాళే ఎందుకు నేలకి తగిలింది? డబ్బాలో ఉన్నది సిరంజితో లాగి చూపించాడు. లేత పసుపు రంగులో ఉండాల్సింది, మధ్యాహ్నం దాకా పొయ్యి మీదున్న కాఫీ డికాషనులా ఉంది. ఈ ఆయిల్ గాలిలో తేమని పీలుస్తుంది. మనం వాడే డాట్ 3 రకం కొత్తది 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక 140కే మరగొచ్చు. దిగుడులో డ్రమ్ము కాలి, లోపలి తేమ ఆవిరైంది. ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది. మనం పోసింది పోశామే కానీ పాతది ఒక్కసారీ తీయలేదు.

లైనర్లు పెట్రోలుతో కడిగి వేసేద్దామన్నాడు మావయ్య. ఆయిల్ తాగిన లైనర్ మళ్ళ బండికెక్కియ్య అని మెకానిక్ తేల్చేశాడు. రెండు వైపులా షూలూ, సిలిండర్లూ కొత్తవే వేయాలి. ఒక పక్కకే వేస్తే బండి ఆ పక్కకి లాగుతుంది. మావయ్యా, షెడ్డు కుర్రాడూ బైకు మీద సామాను కోసం నిజామాబాద్ వెళ్ళారు.

నేను టీకొట్టు దగ్గర కూచున్నాను. ఒక పెద్దాయన బండి నంబరు చూసి, “మీ దిక్కు గూడ పసుపేనా?” అని పలకరించాడు. దుగ్గిరాల అనగానే కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. పసుపులో మనం ‘కాయ’ అనేదాన్ని వీళ్ళు మండ, గోళ అంటారు. కొమ్ముని కొమ్మే అంటారు. 2019 నిజామాబాద్ లోక్‌సభ ఎన్నికల గురించి నిన్న జరిగినట్టు చెప్పాడు. పసుపు, ఎర్రజొన్నల ధర కోసం 178 మంది రైతులు పోటీకి దిగితే బరిలో మొత్తం 185 మంది అయ్యారు, బూతుకి పన్నెండు ఓటింగ్ యంత్రాలు వరసగా పెట్టారు. “గోడకు బీరువాలు పెట్టినట్టున్నయ్.” మొన్న సంక్రాంతినాడు నిజామాబాద్‌లో పసుపు బోర్డు మొదలైంది కదా, దాని మాటెత్తితే టీ గ్లాసు కిందపెట్టి, “బోర్డు వచ్చింది, ధర రావాలె” అన్నాడు.

పక్కనే సిర్నాపల్లి ఉంది. శీలం జానకీబాయి ఏలిన సంస్థానం. వానాకాలం అక్కడ జలపాతం చూడ్డానికి జనం వస్తారట. ఇప్పుడు వట్టి బండలే ఉంటాయన్నారు, వెళ్ళలేదు.

నాలుగింటికి సామాను వచ్చింది. బిగించడం గంట పని, గాలి తీయడం రెండు గంటలు. నేను సీట్లో, ఆయన కింద, నిప్పిలుకి తొడిగిన పారదర్శక పైపు చివర సీసాలో మునిగి ఉంది. “తొక్కు.” “పట్టు.” నిప్పిలు వదులుతాడు, కాలు కిందికి పోతుంది. “ఇడువకు.” నిప్పిలు బిగిస్తాడు. “ఇడువు.” బిగించకముందు కాలు తీస్తే గాలి మళ్ళీ లోపలికే. దూరంగా ఉన్న వెనక ఎడమతో మొదలుపెట్టి, వెనక కుడి, ముందు ఎడమ, చివర డ్రైవరు పక్కది. మధ్యలో డబ్బా ఎండిపోకుండా చూసే పని మావయ్యది. సీసాలో బుడగలు గొలుసుల్లా వచ్చాయి, తర్వాత విడివిడిగా, తర్వాత లేవు.

అయినా పెడల్ ఇంకా మెత్తగానే ఉంది! నాకు నీరసం వచ్చింది. ఆయన నుదురు కొట్టుకుని, జాకీ దింపేశాడు. వెనక ఇరుసు దగ్గర బరువుని బట్టి వెనక బ్రేకుకి ఒత్తిడి పంచే వాల్వు ఉంది. బండి జాకీ మీద లేచి చక్రాలు వేలాడుతుంటే అది ఖాళీ బండి అనుకుని దారి బిగిస్తుంది. బండిని చక్రాల మీద నిలబెట్టి, షెడ్డులో ఉన్న నాలుగు సిమెంటు దిమ్మెలు వెనక వేయించి మళ్ళీ తొక్కించాడు. పిల్లల బుగ్గంత బుడగ ఒకటి సీసాలో గుబుక్కున లేచింది. ఆ తర్వాత పెడల్ పైనే ఆగింది.

మొత్తం 3,900 అయింది. మావయ్య బేరమాడలేదు. అది కూడా మీకు రాయాల్సిన వార్తే.

అంకాపూర్
మే 8

నాన్నా,

పసుపు విత్తనం కొన్నాం. ఎకరానికి పది క్వింటాళ్ళ లెక్కన ఎకరానికి సరిపడా. ఎర్రనేల కొమ్ములు, మన నల్లరేగడి వాటికన్నా మట్టి త్వరగా రాలుతుంది. విరిచి చూశాను, లోపల రంగు మీరు చెప్పిన నారింజే. కుళ్ళున్నవి ఏరించి పక్కన పెట్టించాను. ఈ ఊళ్ళో నాటుకోడి ప్రసిద్ధి. మావయ్య రెండు పూటలూ దాని ప్రసిద్ధిని పరీక్షించాడు. అమ్మకి చెప్పొద్దన్నది ఇదే, వెళ్ళేముందు శనివారాలు మొక్కుకున్నానని చెప్పాడట.

పోనీ ఈ రోజు గురువారమే కదా అంటాడు.

నిన్న సాయంత్రం, సరుకు వేయకముందు, సిద్ధులగుట్ట వైపు ఖాళీ రోడ్డు మీద బండిని నాలుగుసార్లు ఆపి చూశాం. తిన్నగా ఆగింది. కొత్త షూలు డ్రమ్ముకి సర్దుకునేదాకా వందల కిలోమీటర్లు మెత్తగా వాడమన్నారు, దిగుడులో గేరు తగ్గించి దిగమన్నారు. వెయ్యి కిలోలు వేసుకుని అదే అడవి దాటాలి కాబట్టి తెల్లారాకే బయల్దేరతాం. సీటు కింది సీసా పారేశాను. మూత తీసి ఎన్నాళ్ళయిందో దానికే తెలియదు.

ఈ ఉత్తరం కన్నా మేమే ముందు వస్తామేమో. వచ్చాక బండి మొదట మీరే తీస్తారని తెలుసు. ఒక్కసారే తొక్కండి. అలవాటుగా రెండోది పడిందా, తల వెళ్ళి ముందద్దానికి తగులుతుంది. మావయ్యకి నిన్న తగిలింది, ఇంకా బొప్పి ఉంది. అమ్మ అడిగితే లాడ్జీ గుమ్మం అని చెప్పమన్నాడు.