యానాంలో పిన్నిగారి వంటిల్లు

మేము బరంపురంలో స్థిరపడి మూడు తరాలైంది. పెళ్ళిళ్ళకు తప్ప గోదావరి సీమకు వెళ్ళే తీరిక మావంటి గుమాస్తాలకు దొరకదు. అయినా సంక్రాంతి వెళ్ళిన వారానికి నాలుగు రోజులు సెలవు పెట్టి, దంపతులము యానాం వెళ్ళి వచ్చాము. వినోదం కోసం కాదు.

మా ఆవిడ కళ్ళలో నీటికాసులు అని డాక్టరుగారు తేల్చారు. పోయిన చూపు తిరిగి రాదనీ, చుక్కల మందు మానకుండా వాడితే ఉన్న చూపును నిలుపుకోవచ్చుననీ చెప్పారు. ఆనాటి నుండి ఆవిడను మేము పొయ్యి దగ్గరకు రానివ్వలేదు. హోటలు నుండి క్యారియరు తెప్పించాము. ఆవిడ రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కొనేది. ఏమీ అనేది కాదు.

యానాంలో ఆవిడ పిన్నిగారున్నారు. డెబ్బై యేళ్ళు దాటినవి. చూపు పూర్తిగా పోయి పన్నెండేళ్ళు. తన వంట తానే వండుకుంటారని వినటమే గాని మేమెన్నడూ చూడలేదు.

సామర్లకోటలో రైలు దిగి, కాకినాడ మీదుగా బస్సులో వెళ్ళాము. దారి పొడుగునా వరిచేలు, కొబ్బరితోటలు. యానాం చుట్టూ ఆంధ్రదేశమే. పాలన మాత్రం పుదుచ్చేరిది. 1954లో ఫ్రెంచివారు వెళ్ళిపోయినా ఆ ముచ్చట్లు ఇంకా చెప్పుకుంటారు. గౌతమి వొడ్డున కాసేపు నిలబడినప్పుడు, అంధులకు ఆరు చుక్కల లిపిని కల్పించిన లూయీ బ్రెయిల్ (1809–1852) కూడా ఫ్రెంచివాడే గదా అని మాకు తోచింది.

పిన్నిగారికి ఆ లిపి రాదు. ఆమె లిపి వేరు. ఉప్పు డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, పంచదారకు రెండు, కారానికి గుడ్డపీలిక ముడి. ప్రతి డబ్బాకూ అలమరలో ఒకటే స్థానం.

మరునాడు ఉదయం ఆమె వంట మొదలుపెట్టారు. కొంగు బిగించి నడుముకు దోపుకున్నారు. బియ్యం చదునుచేసి, వేలికొన బియ్యం మీద ఆనించి, మొదటి కణుపు మునిగేవరకు నీళ్ళు పోశారు. గిన్నెను పొయ్యి మీద సరిగా కుదిర్చిన తరువాతనే గ్యాసు వెలిగించారు. వెలిగించాక పొయ్యిని చేతితో తడమలేదు. పాలగిన్నె అడుగున చిన్న స్టీలు పళ్ళెం వేశారు. పాలు మరిగే వేళకు అది గలగలలాడింది. వెంటనే మంట తగ్గించారు. పోపులో ముందు ఒక్క ఆవగింజ వేసి చెవి వొగ్గారు. అది చిటపటమన్నాక మిగిలినవి వేశారు. చప్పుడు సన్నగిల్లగానే వంకాయ ముక్కలు వేశారు. ముక్క ఉడికిందీ లేనిదీ గరిటె వెనుకతో నొక్కి తెలుసుకున్నారు. ఉప్పు ఎన్నడూ డబ్బా నుండి వంపరు. ముందు అరచేతిలోకి తీసుకుని, తూచినట్లు చూసుకుని వేస్తారు. కత్తిపీట పని కాగానే పడుకోబెట్టి గోడవార పెట్టారు.

సాయం చేద్దామని మేము కారం డబ్బా తీసి యిచ్చి, తిరిగి ఉప్పు ఉండే చోట పెట్టాము. చారు కాచేటప్పుడు పిన్నిగారి చెయ్యి అక్కడికే వెళ్ళింది. వేళ్ళకు గుడ్డ ముడి తగలగానే ఆగిపోయారు.

“అల్లుడుగారూ, మీరు వెళ్ళి కుర్చీలో కూర్చోండి బాబూ,” అన్నారు నవ్వుతూ. “మీరు చేసే సాయంతో నాకు పని రెట్టింపవుతుంది.”

మాకు సిగ్గయింది. ఆఫీసులో ఒక్క ఫైలు మారుచోట పెడితే బంట్రోతుపై మండిపడే మేమే ఆ పని చేశాము.

భోజనాలయ్యాక ఆమే మాట కదిపారు. “అమ్మాయిని పొయ్యి దగ్గరకు రానివ్వటం లేదటగా? కాలుతుందనే గదా భయం? చూపున్న రోజుల్లోనే నాకు ఎక్కువ కాలింది. చూస్తున్నాం గదా అన్న ధీమా అప్పుడు. ఇప్పుడు తొందరపడను.” పిదప మా ఆవిడ వైపు తిరిగి, “ఏమే అమ్మాయ్, రేపటి వంట నీదే. కొంచెం చూపున్నప్పుడే చేతికి నేర్పుకో. అలవాటయితే తరువాత భయముండదు,” అన్నారు.

మర్నాడు మా ఆవిడ కళ్ళు మూసుకుని పోపు పెట్టింది. మేము గుమ్మంలో నిలబడ్డాము. లోపలికి అడుగు పెట్టలేదు. ఆవాలు మాడినవి. “మళ్ళీ పెట్టు,” అన్నారు పిన్నిగారు. రెండవసారి సరిగా వచ్చింది. ఆ పూట ఆవిడ కడుపునిండా తిన్నది.

బరంపురం చేరగానే క్యారియరు మానిపించాము. డబ్బాలకు రబ్బరు బ్యాండ్లు మేమే తెచ్చాము గాని, దేనికెన్నో ఆవిడే నిర్ణయించింది. మన కుటుంబాలలో చూపు తగ్గినవారుంటే వారి వంటింటిని లాగుకొనవద్దని మా మనవి. తీసిన వస్తువును తీసిన చోటనే పెట్టండి. వారికి కావలసిన సాయం చాలావరకు అదే.